కొసరుగా అడిగిన పాయ

విజయవాడ వన్‌టౌన్‌లో బేరం తెలిసినవాళ్లకు కొదవ లేదు. కానీ తనది కాని పాయను, అదీ సముద్రంలో కలిసే పాయను, అవతలివాళ్లు మొదట చెప్పిన ధరకు మూడింతలకు అమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే చూపించండి. నేను అమ్మాను. పట్టపగలు, ఏసీ గదిలో, వాళ్లు పోయించిన ఫిల్టర్ కాఫీ తాగుతూ, గొంతు ఒక్క మెట్టు కూడా పెంచకుండా అమ్మాను. సంతకాలయ్యాక అవతలి ప్లీడరు లేచి నిలబడి, "మేడం, మీరు కోర్టుకు బదులు కొట్లో కూర్చుని ఉంటే ఈపాటికి సగం ఊరు కొనేసేవారు" అన్నాడు. దాన్ని మెప్పు కిందే జమ కట్టుకుని, ఆటోలో ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

మాది వలల కొట్టు. నైలాన్ దారం, తాళ్లు, బెండ్లు, సీసం గుళ్లు. దివిసీమ వైపు నుంచి, బందరు వైపు నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నేను పక్కన స్టూలు మీద హోంవర్కు చేసుకునేదాన్ని. హోంవర్కు సరిగా వచ్చిందో లేదో గాని, బేరానికి రెండు భాగాలుంటాయని మాత్రం అక్కడే వచ్చింది. మొదటిది ధర. దాని కోసం అరుచుకోవచ్చు, చెప్పులేసుకుని మెట్లు దిగిపోవచ్చు, పిలిస్తే మళ్లీ ఎక్కవచ్చు. ధర తెగి, డబ్బు చేతులు మారాక, కొన్నవాడు సంచి మూతి తెరిచి పట్టుకుని, "మరి కొసరో?" అంటాడు. నాన్న విసుక్కున్నట్టు మొహం పెట్టి గుప్పెడు బెండ్లో, చిన్న దారపుండో అందులో పడేసేవాడు. కొసరు బిల్లులోకి ఎక్కదు. దాన్ని రాసివ్వమని అడిగిన మనిషిని నేను చూడలేదు. అడిగితే, ఇచ్చే చేతిని నమ్మనట్టే. తూకంలో కొట్టినవాళ్లు మా వీధిలో ఉన్నారు. కొసరిస్తానని చెప్పి ఎగ్గొట్టినవాడు మాత్రం లేడు.

నాన్న పోయాక కొట్టు నాకు చేతకాలేదు. అప్పటికే నల్లకోటు వేసుకున్నాను. చెక్కు బౌన్సు కేసులు, అద్దె తగాదాలు. అన్నీ బేరాలే, గౌను వేసుకుని చేసేవి. కింద షట్టరు దించేసి పైన రెండు గదుల్లో ఉంటున్నాను. పెళ్లి బేరాలు కూడా వచ్చాయి గాని, వాటిల్లో నేనే ధర ఎక్కువ చెప్పానని చుట్టాలు అంటారు. ఆ మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లందరూ ఏదో ఒక కాగితం పట్టుకునే వచ్చేవాళ్లు. కాగితం లేకుండా వచ్చేది పిన్ని ఒక్కతే.

పిన్ని అంటే చుట్టరికం కాదు. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెపాలెం ఆవిడది. మొగుడు బతికున్నప్పుడు వల కొనడానికి ఇద్దరూ వచ్చేవాళ్లు. ఆయన పోయాక పడవ అమ్ముకుంది. ఇక వలతో పని లేదు. పాలెం పక్కనున్న పాయలో మొలలోతు దిగి, చేతులతో తడిమి పీతలు, రొయ్యలు, గుల్లలు పట్టుకుని బతికేది. పడవ లేనివాళ్లందరికీ ఆ పాయే పొలం. పట్టినవాటిలో రొయ్యలు ఎండబెట్టి, బస్సెక్కి, బెజవాడలో తెలిసిన ఇళ్లకు అమ్ముకునేది. అమ్మకం అయ్యాక మా మెట్లెక్కేది. నేను అన్నం వండితే తను ఎండురొయ్యలు వేయించేది. "ఇంత సన్నగా తరిగితే ఉల్లిపాయకి విలువేముంటది పాపా" అని నా వంటను తిట్టేది. నలభై దాటిన నన్ను పాపా అనేది ఆవిడే.

ఒకసారి బుట్ట ఖాళీగా వచ్చింది. కూర్చుని చేతులు చూపించింది. మోచేతుల దాకా దద్దుర్లు. పాయ ఎగువన ఒక రొయ్యల ప్లాంటు పెట్టారని, రొయ్యలు వలిచి, కడిగి, ఐసు పెట్టి పంపిస్తారని, ఆ కడిగిన నీళ్లు, తలలు, తొక్కులు కుళ్లిన నీళ్లు గొట్టంలోంచి పాయలోకే వదులుతున్నారని చెప్పింది. అడుగున నల్లటి బురద పట్టిందట. పీత బొరియలు మూసుకుపోయాయట. డబ్బు మాట ఎత్తలేదు. "పాయని బాగుచేయించే కేసులు ఉంటయ్యా పాపా?" అని మాత్రం అడిగింది.

ఉంటాయన్నాను. ఉంటాయని చదువుకున్నాను గాని ఒక్కటీ నడపలేదు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు. గిరాకీ వచ్చినప్పుడు సరుకు లేదని చెప్పే వంశం కాదు మాది.

చెన్నైలో పర్యావరణ కేసులు వినే ట్రిబ్యునల్‌లో వేశాం. మొదటి పిటిషనరు పిన్ని, వెనక పాలెంవాళ్లు. చాలా వాయిదాలు వీడియోలోనే జరిగేవి. గోడకున్న క్యాలెండరు కనబడకుండా దుప్పటి కట్టి, ఫ్యాను చప్పుడని ఆపేసి, గౌను వేసుకుని, ఖాళీ గదిలో కంప్యూటరు ముందు నిలబడి "మై లార్డ్స్" అనేదాన్ని.

కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్నది పుస్తకంలో ఒక్క వాక్యం. దాని చుట్టూ వాదన మాత్రం ఎప్పటికీ తెగదు. కంపెనీ తరఫు ప్లీడరు సమర్థుడు. ఆ పాయలోకి ఎగువ చేపల చెరువుల నీళ్లు రావడం లేదా, ఊళ్ల మురుగు రావడం లేదా, వరిచేలల్లో కొట్టిన మందు రావడం లేదా, అందులో మా క్లయింటు వాటా ఎంతో ముందు వీళ్లను తేల్చమనండి అన్నాడు. పైగా, మా ప్లాంటులో అన్ని జాగ్రత్తలూ తీసుకుంటున్నాం, నిర్లక్ష్యం ఎక్కడ చూపించారని అడిగాడు.

నాకు పుస్తకం కంటే ముందు మా మెట్లు గుర్తొచ్చాయి. మా మేడలో అద్దెకున్నవాళ్లందరికీ ఒకటే మెట్లదారి. కిరసనాయిలు డబ్బాలు అక్కడే పెట్టుకునేవాళ్లు. ఎవరో జారిపడితే నాన్న అడిగేది ఒకటే ప్రశ్న, డబ్బా ఎవరిదని. మూత గట్టిగా బిగించాడా లేదా అని అడిగేవాడు కాదు. కారే సరుకును నలుగురు నడిచే చోట పెట్టుకున్నవాడు, ఎంత జాగ్రత్తపరుడైనా, కారినదానికి జవాబుదారీ. అదే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ట్రిబ్యునల్ సభ్యుడొకరు, "నలుగురి డబ్బాలూ కారితే?" అని అడిగారు. "అప్పుడు తన డబ్బా కారలేదని చూపించుకోవలసింది డబ్బావాడు. జారిపడ్డవాడు నడుం పట్టుకుని లేచి వెతుక్కోవాలంటే ఎలా?" అన్నాను. తెర మీద చిన్న చతురస్రంలో ఆయన మొహం కాస్త విచ్చుకుంది. నిపుణుల కమిటీ వెళ్లి నీళ్ల నమూనాలు తీయాలని ఆదేశమిచ్చారు.

కంప్యూటరు మూసేశాక గది ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. గెలిచినట్టే ఉంది, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పిన్నికి ఫోను చేస్తే, అంతా విని, "అయితే పాయ ఎప్పటికి బాగవుద్ది?" అంది.

ఆ ఆదేశం అందాకే కంపెనీవాళ్లు కబురు పంపారు. వెళ్లి చూస్తే ప్లాంటు యజమాని మా వీధివాడే. వాళ్ల నాన్నది ఎండుచేపల హోల్‌సేల్ కొట్టు, మాకు నాలుగు షట్టర్ల అవతల. నన్ను చూసి "చెల్లెమ్మా" అన్నాడు. నేను "అన్నయ్య గారూ" అన్నాను. ఆ రెండు పిలుపుల దగ్గరే నాలోని ప్లీడరు బయట ఉండిపోయి, లోపలికి కొట్టువాడి కూతురు వెళ్లింది.

నా ముసాయిదాలో రెండు కోరికలున్నాయి. పాలెంవాళ్లకు నష్టపరిహారం. పాయ అడుగున పేరుకున్న బురద తీయించి, ఇకముందు నీళ్లు శుద్ధి చేశాకే వదలడం. వాళ్ల ప్లీడరు రెండో పేరా మీద వేలు పెట్టాడు. ఇది రాస్తే మేమే పాడుచేశామని ఒప్పుకున్నట్టవుతుంది, రేపు ఎవరు పడితే వాళ్లు ఈ కాగితం పట్టుకుని మీదికొస్తారు, డబ్బు సంగతి ఎంతైనా మాట్లాడుకుందాం గాని ఈ పేరా తీసేయండి అన్నాడు.

ఆ భయానికి ఒక ధర ఉందని నా చెవికి వెంటనే తెలిసింది. అలాంటి చప్పుడు వినడానికే పెంచారు నన్ను. తీయనన్నాను. అంకె పెరిగింది. కుదరదని ఫైలు సర్దుకున్నాను. మళ్లీ పెరిగింది. పేరా మీద కలం పెట్టి, కొట్టకుండా, కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. మూడింతలైంది. అప్పుడు కొట్టేశాను.

సంతకాలయ్యాక, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "అన్నయ్య గారూ, మరి కొసరో?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. కళ్లు కూడా తడిశాయనుకుంటాను. గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎన్నాళ్లైంది చెల్లెమ్మా ఆ మాట విని. పాయ బాగుచేయించే పూచీ నాది. వానలు వెనకబట్టగానే మెషిన్లు దింపిస్తా. మీ నాన్నని తలుచుకుని చెబుతున్నా" అన్నాడు.

ఆటోలో నవ్వుకున్నది ఇందుకే. ధరా దక్కింది, కొసరూ దక్కింది. వకీలు చదువు లేనివాడెవడైనా అప్పుడే చెప్పగలిగేవాడు, నేను సరుకును తీసి కొసరులో పెట్టి వచ్చానని.

పాలెంలో వలలు ఆరేసే చోట అందర్నీ కూర్చోబెట్టి రాజీ షరతులు చదివాను. ఇకముందు ఎలాంటి క్లెయిమూ చేయబోమన్న వాక్యాన్ని కాస్త తొందరగా చదివాననే గుర్తు. అంకె వినగానే ఒకాయన ఇంజను కొత్తది వేయించుకుంటానన్నాడు. ఇంకొకావిడ తన కూతుర్ని నర్సింగులో చేర్చవచ్చా అని పక్కనున్నావిణ్ని అడిగింది. ప్లాంటులో రొయ్యలు వలిచే పనులు ముందు పాలెం ఆడవాళ్లకే ఇవ్వాలని కూడా రాయించానని గర్వంగా చెప్పాను. పిన్ని వెనక కూర్చుని ఉంది.

"పాయ సంగతి?" అంది.

"చేయిస్తానని మాటిచ్చారు పిన్నీ. మా వీధి మనిషి."

"కాయితంలో ఉందా?"

"అలాంటివి కాగితంలో రాయించుకోరు. రాయించుకుంటే నమ్మనట్టు."

మొదటి పిటిషనరు ఆవిడే. కాదంటే అంతా ఆగిపోయేది. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. నా మొహంలోకి చూసి, "నువ్వు చెప్పావుగా" అని వేలిముద్ర వేసింది. తడి గుడ్డతో సిరా తుడుచుకోవడానికి నేనే సాయం చేశాను.

కేసు ఉపసంహరించుకున్నాం. కమిటీ రాలేదు, నమూనాలు తీయలేదు. డబ్బు చెప్పిన రోజుకే చేతికొచ్చింది. వానలు వెనకబట్టాయి. మెషిన్లు రాలేదు. ఫోను చేస్తే యజమాని మీటింగులో ఉన్నారనేవాళ్లు. కొన్నాళ్లు ఆగి నేనే ఆఫీసుకు వెళ్లాను.

ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "నాకు చేయించాలనే ఉంది చెల్లెమ్మా. మెషిన్లు దింపితే ఎందుకు దింపారని ఆఫీసర్లు అడుగుతారంట. మా ప్లీడరు వద్దంటే వద్దంటున్నాడు" అన్నాడు. నేను లేవకుండా కూర్చునే ఉన్నాను. అప్పుడు కాస్త నొచ్చుకున్నట్టుగా, "అయినా మేం కట్టాం కదమ్మా" అన్నాడు.

ఆ మాటలో ఆయన నన్ను మోసం చేయడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. నేనే నమ్మించాను. చట్టం చదివినవాళ్లు ఏళ్ల తరబడి దీని మీదే తగువులాడుకుంటున్నారు: పాడుచేసినవాడి దగ్గర వసూలు చేసేది తప్పుకు శిక్షా, లేక పాడుచేసుకోవడానికి అద్దెనా? వ్యాసాల్లో చదివినప్పుడు ఇది నాకు పెద్దవాళ్ల కాలక్షేపంలా కనబడేది. ఇప్పుడు బల్లకు అవతల కూర్చుని ఒక మనిషి తన అద్దె రసీదు చూపిస్తున్నాడు. కొన్న వస్తువును ఎలా వాడుకుంటావని అడిగే హక్కు అమ్మినవాడికి ఉండదు. మా వీధి రూలే అది.

పిన్ని రావడం మానేసింది. ఫోను ఎత్తితే "బాగున్నామండి" అనేది, అంతే. చివరికి ఒక రోజు బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అక్కణ్నుంచి ఆటో. పాయ కనబడేముందే దాని వాసన వచ్చింది. ఆవిడ ప్లాంటులో ఉందన్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ గేటు దగ్గర నిలబడ్డాను. నెత్తికి ప్లాస్టిక్ టోపీలు, కాళ్లకు రబ్బరు బూట్లతో ఆడవాళ్లు బయటికొచ్చారు. ఆ వేషంలో గుర్తుపట్టలేకపోయాను. ఆవిడే నన్ను చూసి ఆగింది.

"మేడం గారూ, ఎండలో నిలబడ్డారేంటండీ?" అంది.

ఇంకెవరితోనైనా అంటోందేమోనని పక్కకు చూశాను.

"ఎందుకు రావట్లేదు పిన్నీ?" అని అడిగాను.

"ఏం పట్టుకుని రమ్మంటారండి? ఊరికే ఎట్టా వస్తాం ఒకళ్లింటికి."

తన వాటా డబ్బు కొడుకు ఆటో అప్పుకు పోయిందని చెప్పింది. పని ఎలా ఉందంటే, "బాగానే ఉందండి. లోపల చల్లగా ఉంటది. మీరు రాయించిన పనే గదా" అంది. ఎత్తిపొడుపో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఐసునీళ్లలో నాని, వేళ్ల చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. తప్పు నాదేనని చెప్పాలనుకుని బస్సులో దారంతా కూర్చుకున్న మాట మొదలుపెట్టాను. ఆవిడ ఆఖరిదాకా వినలేదు. అన్నం తినే టైము తక్కువండీ అని, నా చేతిలో నీళ్ల సీసా ఖాళీగా ఉండడం చూసి, వాచ్‌మన్‌తో నింపించి ఇచ్చి, వెళ్లి వేపచెట్టు కింద మిగతావాళ్లతో కూర్చుంది.

ఇప్పుడు రెండో కేసు నడుస్తోంది. రాజీ చేయించిన ప్లీడర్ని కాబట్టి నేను అందులో నిలబడకూడదు. బందరుకు చెందిన ఒక చిన్న వయసు లాయరమ్మ వాదిస్తోంది. మొదటి కేసులో పిటిషనర్లయిన వాళ్లెవరూ మళ్లీ ముందుకు రాలేదు, పిన్ని కూడా. పాయ దిగువనున్న ఇంకో పాలెంవాళ్లు వేశారు. కంపెనీవాళ్లు మొదట చూపించిన కాగితం నా రాజీ పత్రమే. ఆ తర్వాత, కాలుష్యం మొదలై చాలాకాలమైంది, గడువు దాటిపోయిందన్నారు. లాయరమ్మ చక్కగా చెప్పింది. ఎవరి నష్టపరిహారాన్ని వాళ్లు రాజీ చేసుకోవచ్చు, కానీ పాయను రాజీ చేసుకునే అధికారం ఎవరికీ లేదని. గొట్టంలోంచి నీళ్లు రోజూ వస్తుంటే తప్పు కూడా రోజూ కొత్తగా మొదలవుతుందని. నాకు తట్టవలసిన వాదన అది. తట్టలేదు, అంకె లెక్కపెట్టుకుంటున్నాను.

పాయ బాగుచేసే పేరాను వాళ్లే తీయించారని, నోటిమాటగా పూచీ ఇచ్చారని ఆవిడకు ఒక అఫిడవిట్ కావలసి వచ్చింది. అందులో సంతకం పెడితే, చేతగాని ప్లీడర్నని నేనే నా మీద సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టని బార్‌లో స్నేహితులు హెచ్చరించారు. పెట్టాను. విచారణలో ఒక సభ్యుడు, అంత ముఖ్యమైన షరతును రాయించుకోకుండా ఎలా వదిలేశారని నన్నే అడిగారు. కొసరు అనే ఆచారాన్ని ఇంగ్లీషులో వివరించడానికి ప్రయత్నించాను. తెర మీద ఎవరూ నవ్వలేదు. ఆయన ఏదో రాసుకున్నారు. తీర్పు వాయిదా పడింది.

లెక్క చెప్పాలి. ఆ డబ్బుతో పాలెంలో కొన్ని ఇళ్లకు శ్లాబు పడింది, ఒక పడవకు కొత్త ఇంజను వచ్చింది, ఒక అమ్మాయి నర్సింగులో చేరింది. అవి అబద్ధం కాదు, తగ్గించి చెప్పను. నా ఫీజు నేను తీసుకున్నాను, మేడ మీద కారే చోట పూత వేయించాను. కంపెనీకి శుద్ధి చేసే ప్లాంటు కట్టడం కంటే మేము చౌకగా దొరికాం. పాయ అడుగున బురద అలాగే ఉంది, మీద ఇంకాస్త చేరింది. పడవ లేనివాళ్లు ఇప్పుడు పాయలోకి దిగడం లేదు, వాళ్ల చేతులు ప్లాంటు ఐసులో ఉన్నాయి. మధ్యాహ్నం పూట నా ఒక్కదానికే సరిపడా వండుకుంటున్నాను. అఫిడవిట్టును నా జమలో వేసుకోను. తప్పుడు తూకం వేసినవాడు రాయి మార్చినంత మాత్రాన అది దానం కాదు. తీర్పు ఇంకా రాలేదు, రానిదాన్ని రాబడిగా చూపించడం మా ఇంటా వంటా లేదు. అన్నీ కూడితే తేలింది నష్టం. అందులో నా వాటా తక్కువే. ఎక్కువ భాగం, నేను చెప్పానని వేలిముద్ర వేసిన మనిషి కడుతోంది.